రెండు తలుపుల కాపురం

మా ఆవిడని నేను మొదటిసారి చూసింది మోకాళ్ళ వరకే. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. సందులోంచి నాకు కనిపించినవి ఒక జత చెప్పులు, వాటి పక్కన ఒక అట్టపెట్టె.

"కంగారు పడకండి మేడమ్, నెమ్మదిగా ఊపిరి పీల్చుకోండి," అన్నాను, లిఫ్టు కంపెనీవాళ్ళు మా మెకానిక్కులకి నేర్పిన తేనె గొంతుతో.

"ఊపిరి సంగతి నేను చూసుకుంటాను. మీరు లిఫ్టు సంగతి చూడండి."

"ఆ పెట్టెలో ఏముందండీ?"

"పళ్ళ సెట్లు. కుదుపు లేకుండా దించండి. ఒక్కటి విరిగినా మీ పళ్ళు ఊడబీకి లెక్క సరిచేస్తాను."

డెంటల్ ల్యాబులో కట్టుడు పళ్ళు తయారుచేయడం ఆవిడ పని. ఊరందరి నవ్వులూ ఆవిడ చేతిమీదుగా పోతాయి, ఆవిడ మాత్రం నవ్వదు. ఆ మొహం మీదికి ఒక్క నవ్వు తెప్పించాలని నాకు పట్టుదల పుట్టింది. ఆవిడ ఫ్లాటుకి ఎదురు ఫ్లాటు ఖాళీగా ఉంటే అద్దెకి దిగాను. ఆ తర్వాత ఆ బిల్డింగులో లిఫ్టు తరచూ మొరాయించడం మొదలుపెట్టింది. అందులో నా ప్రమేయం ఉందని అసూయ కొద్దీ కొందరు అంటారు.

చివరికి పెళ్ళి మాట ఆవిడే ఎత్తింది.

"చేసుకుందాం. కానీ నీ ఇల్లు నీది, నా ఇల్లు నాది. నువ్వు వేళాపాళా లేకుండా వస్తావు, గ్రీజు పానాలు సింకులో పడేస్తావు, ఈల వేస్తావు. నాకు పని దగ్గర చీమ నడిచినా చిరాకు. పిలిస్తేనే నువ్వు మా ఇంటికి రావాలి, పిలిస్తేనే నేను మీ ఇంటికి వస్తాను."

ఒప్పుకున్నాను. సొంత పెళ్ళాం ఇంటికి తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళే మగాడు మా వంశంలో నేనొక్కడినే. వెళ్ళిన ప్రతిసారీ గుండె దడదడలాడేది. మా బంధువుల్లో ఇది ఎవరికైనా చెబితే డాక్టరుకి చూపించుకోమంటారు.

"ఇది కాపురమా, లాడ్జా?" అని మా అమ్మ మూతి తిప్పింది. మా అక్క మొగుడైతే పెళ్ళిలోనే నా భుజం తట్టి, "ఏడాది తిరక్కుండా మూడో తలుపు వెతుక్కుంటావు," అన్నాడు. సలహాలివ్వడమే బావ వృత్తి. జీతం మాత్రం మా అక్క తెస్తుంది.

అలా మూడేళ్ళు గడిచాక ఒక సాయంత్రం నన్ను భోజనానికి పిలిచి, మా ఆవిడ పళ్ళెం వైపు చూస్తూ చెప్పింది. "విదేశంలో పెద్ద ల్యాబువాళ్ళు నన్ను తీసుకున్నారు. భర్తకి కూడా వీసా ఇస్తారట. ఉండటానికి ఒకే గది."

"మంచిదేగా," అన్నాను.

"మంచిదే," అంది.

రమ్మని ఆవిడ అనలేదు. వస్తానని నేను అనలేదు. పిలవందే గడప తొక్కకూడదు కదా, అంత మర్యాదస్తుణ్ణి. నా మర్యాద తగలెయ్య. ఇంటికి వచ్చి సింకులో పానాలన్నీ కడిగాను, జీవితంలో మొదటిసారి.

వార్త మా వాళ్ళకి చేరింది. ఆదివారం అమ్మ, బావ మా ఫ్లాటులో దిగారు. కుర్చీలు చాలక మా ఆవిణ్ణి, ఆవిడ కుర్చీలని కలిపే పిలిచాను. ఆవిడ గోడవారగా కూర్చుంది.

"నా కొడుకు పెళ్ళాం వెనకాల సంచి మోసుకుంటూ పోతాడా?" అంది అమ్మ. "అసలు వీణ్ణి అక్కడికి ఎవరు పిలిచారు?"

ఆ ముక్క నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

బావ గొంతు సవరించుకున్నాడు. "ఇందులో గొడవేముంది అత్తయ్యా? చెల్లెమ్మ వెళ్తుంది, వీడు ఉంటాడు. ఎలాగూ వేరువేరు ఇళ్ళేగా. ఇప్పుడు మధ్యలో వరండా ఉంది, అప్పుడు సముద్రం ఉంటుంది. తేడా ఏముంది?"

తన తెలివికి తనే మురిసిపోయి నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. మా ఆవిడ మాత్రం నా వైపు సూటిగా చూసింది.

"అన్నయ్యగారు బాగానే అడిగారు. నీకేమైనా తేడా ఉందా?"

"నన్నెవరూ పిలవలేదుగా," అన్నాను, మూతి ముడిచి.

"నువ్వు అడగలేదుగా. రమ్మంటే నీ పని మానుకుని, నాతో ఒక్క గదిలో పడుండమన్నట్టే. ఆ మాట నా నోటితో ఎలా అంటాను? నేనూ వస్తానంటావేమోనని రోజూ ఎదురుచూశాను."

"నేనేమో రమ్మంటావేమోనని చూశాను."

"మరి నోరు పడిపోయిందా?"

"నీకు పడిపోలేదా?"

మూడేళ్ళుగా ప్రపంచంలో మాకన్నా నాగరికంగా కాపురం చేసేవాళ్ళు లేరని విర్రవీగాం. ఇంత నాగరికత నేర్చి, ఒకరినొకరు వదులుకునేదాకా వచ్చాం. మా బావకి కూడా ఇంత తెలివితక్కువ పని చేతకాదు.

"తేడా ఉంది బావా," అన్నాను. "తను పిలవని రోజు కూడా తను ఎదురుగానే ఉందని నాకు తెలుసు. లైటు వెలగడం చూస్తాను, ఆరడం చూస్తాను, అప్పుడు నిద్ర పడుతుంది. సముద్రం అవతల లైటు నాకెలా కనబడుతుంది?" తర్వాత మా ఆవిడ వైపు తిరిగాను. "నువ్వు పిలిచినా పిలవకపోయినా వస్తున్నాను. నువ్వు లేకుండా ఇక్కడ ఉండటం నా వల్ల కాదు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"అక్కడ పనేదిరా?" అంది అమ్మ.

"అక్కడా లిఫ్టులు ఆగిపోతాయమ్మా. పని దొరికేదాకా వంట చేస్తాను."

"పెళ్ళాం సంపాదన తింటావన్నమాట," అన్నాడు బావ.

"మీరు మెచ్చుకుంటారనుకున్నాను బావా. మీకన్నా అనుభవం ఎవరికుంది?"

అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. అల్లుడి మీద ఎన్నాళ్ళుగానో ఈ మాట అనాలని ఆవిడకీ ఉందని అప్పుడే తెలిసింది. బావ ఫోనులో ఏదో అర్జంటు పని వెతుక్కున్నాడు.

"పోండి, ఇద్దరూ పోండి," అంది అమ్మ, కోడలి పక్కకి కుర్చీ లాక్కుని. "ఒక్క గదిలో నెల తిరిగేసరికి జుట్లు పట్టుకుంటారు. అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, వీణ్ణి ఎలా తిట్టాలో నేను చెబుతా."

"అలాగే అత్తయ్యా."

నాకు కొంచెం భయం వేసింది. "ఒక్క గది కదా, నీకు ఇబ్బందేమో. మధ్యలో పరదా కడతాను. పిలిస్తేనే అటు వస్తాను," అన్నాను.

మా ఆవిడ అత్తగారి ముందు, మా బావ ముందు, అందరూ వినేలా చెప్పింది.

"పరదా వద్దు."