మూడో వాల్వు

మన్సూరాబాద్ వెనక గుట్ట మీది నీళ్ల రిజర్వాయర్‌కి మంచి పేరు లేదు. ఒకప్పుడు కడగడానికి లోపలికి దిగిన మట్టయ్య అనే పనివాడు పైకి రాలేదట. చీకటి పడ్డాక లోపల నిచ్చెన చప్పుడవుతుందట. నేను సైఫాబాద్‌లో కెమిస్ట్రీ చదివినవాణ్ణి, నమ్మలేదు. మా రోజుల్లో చంపాపేట్ బావుల నీళ్లు ఎంత తియ్యగా ఉండేవని... సరే, ఆ సంగతి వేరు.

ఇది నాకు చెప్పింది పక్కింటి భానుమూర్తి. కాకినాడ మనిషి, నీళ్ల ఆఫీసులో ఇంజనీరు; ఆ రిజర్వాయర్ అతని కిందే.

సకల జనుల సమ్మె నెల అది. రాత్రి పన్నెండడుగులున్న నీళ్లు తెల్లారేసరికి తొమ్మిదడుగులకు దిగేవి. మూడడుగుల నీళ్లు... రోజూ... ఎటు పోతున్నట్టు?

వాల్వులు తిప్పే భిక్షపతి ట్యాంకర్లవాళ్లకి అమ్ముకుంటున్నాడని పైవాళ్ల అనుమానం. నీళ్లెటు పోతున్నాయో తేలకపోతే అతని ఉద్యోగం ఊడుతుంది. తెలంగాణ ఉద్యమం మొదలయ్యాక ఇద్దరి మధ్యా ఫోన్లో ముక్తసరి మాటలే. అందుకే భానుమూర్తి అతన్ని అడగలేదు. ఒక రాత్రి తనే వెళ్లాడు.

టార్చి వేశాడు. నీటిమట్టం చూపే బోర్డు మీద ముల్లు పన్నెండు దగ్గరుంది. కాసేపటికి... పదకొండున్నర. కింద ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు.

మెట్లు దిగాడు. వాల్వుల గది తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరో వంగి ఉన్నారు—

"ఎ... ఎవరది?"

"నేనే సార్, భిక్షపతిని. గట్ల వణుకుతున్నరేంది?"

"దొరికావ్! మూడోది ఎందుకు తెరిచావ్? ఆ లైన్లో ఒక్క ఇల్లయినా లేదు!"

"మీరే గద సార్! 'మిగతావి చూసుకో, మూడోది విడిచిపెట్టు' అన్నరు. రోజు ఇడుస్తున్న."

భానుమూర్తి నెత్తి పట్టుకున్నాడు. కాకినాడలో విడిచిపెట్టమంటే దాని జోలికి పోవద్దని. ఇక్కడ నల్లా ఇడవడమంటే నీళ్లివ్వడం!

"ఒక్కసారి అడగొచ్చుగా?"

"మీవోళ్ల ప్లాట్లకు చాటుగ ఇడిపిస్తున్నరనుకున్న. అడిగితే నాకే పరేషాన్."

ఇద్దరూ నవ్వేశారు. తప్పు తన మాటదేనని రాసి ఇస్తానన్నాడు భానుమూర్తి. అక్కడే రిజిస్టర్ తెరిచి, నీళ్లు పోయిన తారీఖులు చదువుతూ రాసుకోసాగాడు.

భిక్షపతి నవ్వు ఆగిపోయింది.

"సార్... అండ్ల నాలుగు దినాలు నేను సమ్మె టెంట్ల కూసున్న. ఈ గది తాళంచెయ్యి మీకే ఇచ్చి పోయిన." గొంతు తగ్గించాడు. "అప్పుడెవరు ఇడిచిన్రు సార్?"

భానుమూర్తి నాకు చెబుతూ ఇక్కడ ఆగాడు. అటూ ఇటూ చూసి, గుసగుసగా అన్నాడు—

"ఆ నాలుగు రోజులూ తాళం చెవి నా జేబు దాటలేదు మాస్టారూ."

మట్టయ్య పనో, ఇతని పనో అని నేను అతని ముఖంలోకి చూశాను. అతను చూపు తిప్పేసుకున్నాడు.