గుడ్లగూబ తొలిచూపు

ఆదివారం అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! చైతన్యపురి మీద ఆకాశం కాటుక పూసుకుంది. ఉరుముల ధాటికి కిటికీ అద్దాలు గడగడలాడుతున్నాయి. పక్క హాస్టల్లో మూడువందల మంది పిల్లలు, ఆవల మెట్రోలో వేలాది జనం... అయినా ఆ మూడో అంతస్తు గదిలో ఉదయలక్ష్మికి పలకరించే దిక్కు లేదు.

ఆమె పని పక్షుల బొమ్మలకు నకళ్ళు దింపడం. రెండువందల ఏళ్ళ కిందట దొరల కోసం మన చిత్రకారులు వేసిన పక్షుల్ని ఈకకు ఈక, గోటికి గోరు చూసుకుంటూ చేత్తో వేస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ ఫ్రేముల కొట్టువాళ్ళు పట్టుకుపోతారు. భర్త బాపిరాజు పోయి మూడేళ్ళయింది. ఆ తర్వాత ఆమెను పేరు పెట్టి పిలిచే నోరు ఒక్కటే మిగిలింది. సరిగ్గా కింది అంతస్తులో ఉండే ఇంటి ఓనరు మణెమ్మ, రోజూ పైకొచ్చి కూర ఏం చేశావని అడిగిపోయే ముసలమ్మ.

ఆ మణెమ్మనే బలికి అప్పగించింది! తెలియక చేసింది... కానీ చేసింది.

రెండు నెలల కిందట నాగోల్ నుంచి ఉపేంద్ర అనే క్షుద్రోపాసకుడు వచ్చాడు. ఐదు పాత పక్షుల బొమ్మలకు నకళ్ళు కావాలన్నాడు. ఐదో పక్షి కన్ను తెరిచిన క్షణాన దాని నోట బాపిరాజు గొంతు వినిపిస్తుందని ఆశపెట్టాడు. కళ్ళు దిద్దే కుంచెను మాత్రం ఆమెను ప్రేమగా చూసే మనిషి తలవెంట్రుకలతో కట్టాలట. బుద్ధున్నవాళ్ళు అక్కడే తరిమేస్తారు. మూడేళ్ళు ఒక్కతే కూర్చుని అన్నం కలుపుకున్న మనిషికి బుద్ధి ఎక్కణ్ణుంచి వస్తుంది? మణెమ్మకు తల దువ్వి, దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు దాచి ఇచ్చేసింది.

పికిలిపిట్ట కన్ను దిద్దిన రోజున మణెమ్మకు మాట పడిపోయింది. కొంగ కన్నుతో కంటికి నిద్ర దూరమైంది. గద్ద కన్నుతో మనుషుల్ని గుర్తుపట్టడం పోయింది. చిలుక కన్ను తెరుచుకోగానే ఆ ముసలమ్మ చేతులు రెక్కల్లా టపటపలాడిస్తూ, నేల మీది బియ్యపు గింజలు నోటితో ఏరుకోసాగింది! అప్పుడు గాని ఉదయలక్ష్మికి తను చేసిన ఘోరం అర్థం కాలేదు.

ఇవాళ ఐదోది... గుడ్లగూబ! ఉపేంద్ర ఆమె గదిలోనే నేల మీద రక్తవర్ణపు ముగ్గు వేసి, నాలుగు బొమ్మలూ చుట్టూ నిలబెట్టి, నడుమ కపాలంలో మసి నూరుతున్నాడు.

"నేను దిద్దను. ఆవిడ చచ్చిపోతుంది," అంది ఉదయలక్ష్మి.

"దిద్దకపోయినా సాయంత్రానికి పోతుంది. నేను బతికుండగా ఈ కళ్ళను ఎవరూ మూయలేరు. దిద్దితే మీ ఆయన గొంతైనా దక్కుతుంది. ఈ ఐదు పిట్టలూ నాకు బానిసలవుతాయి."

ఆమె చూపు బొమ్మ ఎదుట ఉన్న అద్దం మీద పడింది. ఆమె తండ్రి గుళ్ళలో వాహనాలకు రంగులు వేసేవాడు. కళ్ళు దిద్దేటప్పుడు బొమ్మ ఎదుట మనిషిని నిలబడనిచ్చేవాడు కాదు. తొలిచూపు తగిలినవాడు బతకడని, ఎదురుగా అద్దం పెట్టి, తాను పక్కకు ఒదిగి దిద్దేవాడు. ఆమెదీ అదే పద్ధతి. ఉపేంద్రకు మంత్రాలు తెలుసు గాని, బొమ్మలు వేసేవాళ్ళ మర్యాదలు తెలియవు. ఆ అద్దం రంగులు చూసుకోవడానికే అనుకున్నాడు.

ఆమె అద్దం తీసి మంచం కింద పెట్టింది.

"ఎదురుగా వచ్చి నిలబడండి. బానిస మొదట యజమానినే కదా చూడాలి."

అహంకారం ఎంత పనైనా చేయిస్తుంది. వచ్చి నిలబడ్డాడు.

కుంచె కొస ఆనింది... ఫెళ్ళున పిడుగు! గుడ్లగూబ మెడ తిప్పింది... వర్తులాకార నేత్రాలు ప్రళయాగ్నిలా రగిలాయి... ఏ మంత్రానికీ లొంగని ఆదిమ దృష్టి అది! ఉపేంద్ర పెట్టిన ఆర్తనాదం సన్నబడి, సన్నబడి, పిట్టకూతై ఆగిపోయింది. కపాలం రెండు చెక్కలైంది. ముగ్గులో పిడికెడు బూడిద మిగిలింది.

అంతటా నిశ్శబ్దం.

"ఉదయా... అన్నం తిన్నావా?"

బాపిరాజు గొంతు! ఆఫీసు నుంచి ఫోన్ చేసి అడిగినట్టే అడిగింది గుడ్లగూబ. ఉదయలక్ష్మి బొమ్మకు చెంప ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. కింది నుంచి మణెమ్మ గురగురమనే ఊపిరి వినిపిస్తోంది. అది తెగిపోతూ, మళ్ళీ అందుకుంటోంది.

కళ్ళు తుడుచుకుని తెల్లరంగు తీసింది. పికిలిపిట్ట, కొంగ, గద్ద, చిలుక... ఒక్కొక్క కన్నూ మూసింది. గుడ్లగూబ దగ్గర చెయ్యి ఆగింది.

"ఉదయా... తిన్నావా?"

"తింటానండీ. మీరు పడుకోండి," అని ఆ కన్ను కూడా మూసింది.

ఇక గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి కింది నుంచి నీరసంగా ఒక గొంతు లేచింది.

"ఉదయమ్మా... ఇయ్యాల ఏం కూర జేసినవ్? జర అన్నం పెట్టు బిడ్డా, ఆకలైతుంది."

వస్తున్నానని గబగబా మెట్లు దిగబోయింది. నాలుగు మెట్లు దిగాక చేతిలోని కుంచె కనిపించింది. దాని కొసన మణెమ్మ నెరిసిన వెంట్రుకలు ఇంకా అలాగే ఉన్నాయి. ఈ సంగతి ఆమెకు ఏ మొహంతో చెప్పాలో తెలియక, ఉదయలక్ష్మి ఆ మెట్టు మీదే నిలబడిపోయింది.