భూపతి చేతి గొడ్డలి

గోదావరిఖనిలో బొగ్గుగనుల ఆఫీసరు రఘురామ్ గారి క్వార్టర్‌లో మూడు గదులు. ఒకటి సంసారానికి, ఒకటి వచ్చేపోయే చుట్టాలకి, గాలీ వెలుతురూ బాగా వచ్చే మూడోది బొమ్మలకి. పాత కామిక్ పుస్తకాల వీరుల బొమ్మలు, స్టిక్కర్లు, డబ్బాలు. రంగు వెలిసిపోతుందని ఆ గదికి పట్టపగలు కూడా నల్ల పరదాలే. ఐదేళ్ల కూతురు మమత గడప దగ్గర నిలబడితే చాలు, "చేతులు వెనక్కి పెట్టుకో!" అని కసిరేవాడు. బొమ్మలతో ఆడుకునేవాళ్లంటే అతనికి అంత అసహ్యం. వాటి విలువ తెలియని మందట!

ఆ మధ్య కమాన్‌పూర్ వైపు, నేలంతా పైనుంచి తవ్వేసే ఓపెన్‌కాస్ట్ గని కోసం ఖాళీ అవుతున్న ఊళ్లో, ఐలవ్వ అనే ముసలామె దగ్గర అతనికి ఉరుముల భూపతి దొరికాడు. ముప్పై ఏళ్ల కిందట పిల్లల పత్రికలో వచ్చిన వీరుడు. నీలం ప్లాస్టిక్ బొమ్మ. అంతా బాగుంది కానీ, చేతిలో ఎర్ర గొడ్డలి లేదు. వెలితిగా ఉన్న బొమ్మని బీరువాలో పెట్టడానికి మనసొప్పక మళ్లీ వెళ్లాడు.

"దీని గొడ్డలేది?"

"మా పోరని చేతుల ఉన్నది సారు," అంది ఐలవ్వ. "జరమొచ్చి పోయిండు. పిడికిలి ఇప్పుదమంటే రాలె. గట్లనే బొంద పెట్టినం."

పాపం అని ఒక్క మాట అనలేదు ఆ పెద్దమనిషి. "అంత అరుదైన వస్తువుని మట్టిపాలు చేస్తారా! ఏం మనుషులు మీరు!" అని ఆమె మొహం మీదే అన్నాడు. తర్వాత గొంతు మెత్తబరిచి, ఎక్కడ పూడ్చారని అడిగాడు.

"గా గుట్ట పక్కపొంటి. పిల్లల బొందలన్ని ఆడనే. దండం పెట్టుకుంటవా సారు?"

"పెట్టుకుంటా."

ఎలాగూ రేపోమాపో మిషన్లు తవ్వేసేదే కదా అనుకుని, ఆమె చూపించిన బొందని ఆ రాత్రి తనే తవ్వాడు. ఆ పిడికిట్లోంచి గొడ్డలి లాక్కోవడానికి సిగ్గయినా పడలేదు.

మర్నాడు మధ్యాహ్నం పరదాలు వేసుకుని, గొడ్డలిని శుభ్రంగా కడిగి భూపతి చేతిలో అమర్చాడు. గనిలో బ్లాస్టింగ్ వేళ. ఇల్లంతా అదిరి, బీరువా అద్దాలు గలగలమన్నాయి. కరెంటు పోయింది. ఫ్యాను ఆగాక వాసన తెలిసింది. తడిమట్టి వాసన... విరిగిన పాల వాసన...

అతని చూపుడువేలిని ఏదో పట్టుకుంది.

చిన్న పిడికిలి. చల్లగా... గట్టిగా...

లాగాడు. రాలేదు. కిందికి చూశాడు. ఎవరూ లేరు.

"నీ గొడ్డలే కదా... తీసుకో," అన్నాడు గుసగుసగా. దాన్ని పీకి చీకట్లోకి చాచాడు. టప్‌మని నేల మీద పడింది. ఇంకో బొమ్మ ఇచ్చాడు. అదీ పడింది. ప్రాణంగా దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే ఇచ్చాడు... ఒక్కొక్కటే పడ్డాయి. పిడికిలి ఇంకా బిగిసింది.

"నాన్నా... ఎవరితో ఆడుతున్నావు?"

తలుపు తీసుకుని మమత.

లోపలికి రావద్దని అరవాలనుకున్నాడు. అంతలో వేలి మీద పట్టు వదులైంది. అమ్మయ్య అనుకున్నాడు. అవును, ముందు అదే అనుకున్నాడు. అలాంటి తండ్రి!

తర్వాత చూశాడు. మమత పెరటి గుమ్మం వైపు నడుస్తోంది. కుడిచెయ్యి ముందుకు చాచి ఉంది, ఎవరో లాక్కెళుతున్నట్టు.

"ఎక్కడికే?"

"ఆడుకోడానికి. అక్కడ చాలామంది పిల్లలున్నారట నాన్నా."

పరిగెత్తి ఆమె ఎడమచెయ్యి పట్టుకోబోయాడు. పట్టుకోవడానికి చోటు లేదు. ఆ వేళ్ల మధ్య అప్పటికే వేరే వేళ్లున్నాయి... చిన్నవి... చల్లనివి...