రీలు లేని ఫొటో

సూర్యాపేటలో కింద జిరాక్స్ షాపు, పైన నా స్టూడియో. మూలనపడ్డ కెమెరాలను ఇప్పటి రీలుకు తగ్గట్టు మార్చడం నా పని. ఆ మధ్యాహ్నం బల్ల మీద ఉన్నది మా నాన్న నాగయ్య డబ్బా కెమెరా. దానికి పట్టే వెడల్పు రీలు దొరక్కుండా పోయి ముప్పై ఏళ్లయింది. ఇప్పటి సన్న రీలు మధ్యలో నిలబడేలా రెండు వైపులా సీసా మూతలు కోసి బిగించాను. కెమెరా వెనక ఫొటో అంకె కనిపించే చిన్న ఎర్ర కిటికీలోంచి వెలుతురు చొరబడకుండా నల్ల టేపు వేశాను.

ఆ కెమెరాను చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. అంతకు వారం ముందు మిర్యాలగూడ నుంచి సాయమ్మ వచ్చింది. రైసుమిల్లులో కూలి. ఆరేళ్ల కూతురు చనిపోయినప్పుడు నాన్నే వెళ్లి ఈ కెమెరాతో ఫొటో తీశాడు. ఆమె ఏటా వచ్చి అడిగేది, ఇంకా కడగలేదని ఆయన తిప్పి పంపేవాడు. ఇప్పుడు ఆయన లేడు. నిజం నేనే చెప్పాల్సి వచ్చింది.

"అందుల రీలే లేదమ్మా. నీ మనసు కోసమని ఉత్తగ నొక్కిండు."

సాయమ్మ ఏడవలేదు. నా కళ్లలోకి చూసింది.

"రీలు లేకుంటే నా బిడ్డను పాడె మీద నుంచి లేపి కుర్చీల ఎందుకు కూసోబెట్టిండు? కదలకు బిడ్డా అన్నడు. చచ్చిన పిల్లతోని. అయిపోయిందని సుత చెప్పకుండ పోయిండు."

ఫోన్ నంబరున్న కార్డు ఆమె చేతిలో పెట్టాను. నాన్న ఈ సంగతి నవ్వుకుంటూ చెప్పేవాడు. ఆ పిల్ల పేరు కూడా ఆయన అడగలేదు.

కెమెరా సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడాలని నా కూతురు కృపను కుర్చీలో కూర్చోబెట్టాను. దానికీ ఆరేళ్లే. "కదలకు బిడ్డా" అంటూ ఎనిమిది ఫొటోలు తీశాను. ఎనిమిదోది కాగానే రీలు తిప్పే మర బిగుసుకుపోయింది. తిట్టుకుంటూ కెమెరా తీసుకుని బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకున్నాను. పాత డబ్బాలో రీలు వెనక్కి చుట్టుకోదు. కటిక చీకట్లోనే విప్పాలి.

తలుపు కింది సందులో గుడ్డ కుక్కి లైటు ఆర్పాను. ఫొటోలు కడిగే మందుల పుల్లటి వాసన. వేళ్లకు రీలు అందినట్టే అంది జారిపోతోంది. కాసేపటికి ఆ పుల్లటి వాసన పోయి... ఉడికిన వడ్ల వాసన వచ్చింది. మా వీధిలో మిల్లు లేదు.

"అయిపోయిందా?"

గుసగుస. తలుపు బయటి నుంచి కృప అడుగుతోందనుకున్నాను. రీలు మళ్లీ జారింది. కోపం ఆపుకోలేకపోయాను.

"అయిపోయింది. ఇగ పో."

నా మోకాలిని ఏదో రాసుకుంటూ పోయింది... చిన్నది. చల్లనిది. తలుపు తెరుచుకోలేదు.

అప్పుడు తెలిసింది. ఆ గొంతు బయటి నుంచి రాలేదు.

రీలు అక్కడే పారేసి తలుపు తీశాను. కృప కుర్చీలోనే ఉంది. నేను చెప్పినట్టే చేతులు ఒళ్లో పెట్టుకుని... రెప్ప వేయడం లేదు. ఊపిరి ఆడుతోంది. ఒళ్లు వెచ్చగానే ఉంది.

"అయిపోయింది బిడ్డా. లెవ్."

లేవలేదు. ఎనిమిదో ఫొటో తర్వాత ఆ మాట దానికి చెప్పడం మరిచిపోయాను. నాన్నను అన్ని తిట్లు తిట్టినవాణ్ణి... ఆ మాట నా బిడ్డకు కాకుండా చీకట్లో అడిగిన ఇంకెవరికో ఇచ్చేశాను. పదిసార్లు చెప్పాను. అరిచాను. భుజాలు పట్టి ఊపాను.

ఫోన్ మోగింది. సాయమ్మ.

"సారూ, నా బిడ్డ వచ్చింది. కానీ నన్ను గుర్తుపడ్తలేదు. డాడీ కావాలని ఏడుస్తున్నది."

ఆమె వెనక నుంచి కృప గొంతు వినిపించింది. నా ఎదుట కృప పెదవులు కదలడం లేదు.

"డాడీ... ఇగ కదలనా?"