జడల మడుగు

జడల మడుగు పేరెత్తితే ఇప్పటికీ నేను మొకం తిప్పేసుకుంటాను. భయంతో కాదు... రోతతో.

బంధుగాం దాటి మా అత్తోరి ఊరెల్లే దారిలో, ఏరు మలుపు తిరిగే కాడ ఉందది. పొద్దుగూకితే అటేపు ఎవులూ ఎల్లరు. ఎప్పుడో ఒక కోడలుపిల్ల అందులో పడి సచ్చిపోనాదంట. దాని జడ మాత్రం సావలేదంట. సీకట్లో నీల్లలో కాలెడితే ముందు కుల్లు కంపు... ఆ తరవాత ఎంట్రుకలొచ్చి కాలికి సుట్టుకుంటాయంట. మా అత్త పైడితల్లి ఈ కథ సెప్పినప్పుడల్లా గొంతు బాగా తగ్గించేసేది.

ఆ రాత్రి నేనక్కడ లేను. పురిటికి పార్వతీపురం, మా పుట్టింటికి వచ్చేను. మా మరిది మల్లేశు సెప్పిందే మీకు సెప్తన్నాను. అదీ ఒక్కసారే సెప్పేడు, మల్లీ అడిగితే లేచి బయటికెల్లిపోయేడు.

మల్లేశు ఫ్యాక్టరీ టౌన్‌షిప్పులో ఫిట్టరు, ఏల్ల తరబడి ఊరికి దూరంగానే ఉంటన్నాడు. మడుక్కి ఎగువన ఏరు రాల్ల మీంచి ఒక్క ఉరుకున దిగుతాది. మా ఊరి పిల్లగుంటలు అరటిబోదె మీద బోర్లా పడుకొని, ఆ అలల మీద జారుకుంటా వచ్చి మడుగులో పడతారు - పగటేలే లెండి. ఒకసారి టౌన్‌షిప్పు కుర్రోల్లు ఆ ఆట సూసి ఎర్రెత్తిపోనారంట. అక్కడ పుట్టింది మావోడికి ఆలోసన. ఏటొడ్డున ఊరంతా కలిసి పాకలేద్దాం, సరదాకొచ్చినోల్లని రెండ్రోజులుంచుదాం, బోదెల మీద తిప్పుదాం, మనమే వండి పెడదాం, వచ్చింది ఊరందరిదీ అన్నాడు.

ఊరు కదిలింది. మా ఊరి రైతు గురువులు పాకలకి గడ్డి ఇచ్చేడు, గంగరాజు ఎదురుబొంగులు కొట్టుకొచ్చేడు. మొగుడు పోయిన బంగారమ్మ, వంట నాదంది. సెంటు సేను లేదు దానికి. కూలికి ఊరూరూ తిరగకుండా ఇక్కడే బతకొచ్చని దాని ఆశ.

కానీ ఆ ఒడ్డు మీద ఒక కాంట్రాక్టరు కన్నేసేడు. ఒడ్డు ఎవులికివ్వాలో తేల్చాల్సిన ఆఫీసరు మూర్తి బాబు ఒకటే మాటన్నాడు. "పెళ్ళాం పిల్లలతో వచ్చి ఒక్క రాత్రి ఉండి చూస్తాను. బాగుంటే మీదే. లేదంటే అతనిదే."

ఇంకేటి, ఊరంతా దీపం ముట్టుకొని ఒట్టేసేరు. మడుగులో గొడ్లని కడగకూడదు, గుడ్డలుతక్కూడదు, నారకోసం గోగుకట్టలు నానెయ్యకూడదు, సెత్త పారెయ్యకూడదు అని.

ఆ శనివారం బాబుగారి జీపులోనే మల్లేశూ ఊరొచ్చేడు. సేరేసరికి సీకటి పడిపోనాది. బంగారమ్మ ఇస్తరాకుల్లో పొగలుకక్కే అన్నం, నాటుకోడి కూర ఒడ్డించింది. బాబుగారి భార్య సీతామహాలక్ష్మి మొదటి ముద్ద నోట్లో ఎట్టుకుందో లేదో...

గాలి తిరిగింది.

ఓలమ్మా, ఏటా కంపు! పీనుగు కుల్లినట్టు, బురదలో గుడ్డు పగిలినట్టు... మల్లేశుకి కల్లంట నీల్లొచ్చేసేయంట. ఆవిడ ముద్ద ఉమ్మేసి కొంగు నోటికడ్డమెట్టుకుంది.

"ఏటే బంగారమ్మా ఈ కంపు?" అన్నాడు మల్లేశు.

"కంపేటి బాబూ?" అందది. "నాకేటీ రాట్లేదే..."

గురువుల్ని అడిగేడు. ఆడూ లేదన్నాడు. గంగరాజూ లేదన్నాడు. అంతమంది నిలబడ్డారు... ఒక్కరికీ కంపు తెలవట్లేదు.

మూర్తి బాబు మెల్లగా అడిగేడు. "ఈ మడుగు పేరేమిటయ్యా?"

ఊరోల్లు ఒకరి ఎనక్కి ఒకరు జరిగేరు.

ఏ గొడ్డో సచ్చుంటాదని మల్లేశు టార్చి పట్టుకొని నీల్లలోకి దిగేడు. మోకాలు... నడుం... కంపు ఇంకా ముదిరింది. కింద మెత్తగా ఏదో కదిలింది. కాలికి తగిలింది... సుట్టుకుంది. లాక్కున్నాడు, రాలేదు. సెయ్యెట్టి పీకేడు.

గుప్పెడు జుట్టు.

తెల్లగా, బారుగా, జిగటగా... మీంచి నల్లటి తోలు ఊడి సేతిమీంచి జారిపోతంది. మల్లేశు అరిసేడు. అరుస్తానే వాంతి సేసుకున్నాడు. టార్చి ఎలుగులో ఆ జుట్టు సీతామహాలక్ష్మి కంటపడింది. ఆ తరవాత ఆవిడనాపడం ఎవులి తరం! పిల్లల్ని రెక్కపట్టుకొని జీపెక్కించింది. మూర్తి బాబు ఎనక్కి కూడా సూడలేదు. జీపు లైట్లు కొండమలుపులో పడి పోనాయి. ఒడ్డూ పోనాది.

అప్పుడు బంగారమ్మ లాంతరట్టుకొని నీల్లలోకి దిగింది. ఆ జుట్టు అందుకొని ఏల్లమజ్జెన నలిపింది.

"ఇది జడ కాదు బాబూ," అంది. "గోగునార."

గట్టిగా లాగింది. రాయితో సహా కుల్లిన గోగుకట్ట పైకొచ్చింది. మా ఊల్లో ఎవులింటి కట్టకి ఆల్లింటి గుడ్డపీలిక కడతారు, కట్టలు కలిసిపోకుండా. దీనికి పచ్చ పీలిక - గురువులుది. పక్కన ఎర్రపీలిక - గంగరాజుది. ఇంకోటి... ఇంకోటి... కాలు ఎక్కడెడితే అక్కడ కట్టే. దీపం ముట్టుకున్న సేతులే, ఎవులికి ఆల్లు సాటుగా ముంచిపోయిన కట్టలు! పుట్టినకాణ్ణుంచీ ఆ కంపులోనే నార తీసిన ముక్కులు, ఇంక కొత్తగా ఏటి తెలుస్తాది? ఛీ! తలుసుకుంటే ఇప్పటికీ అన్నం తినబుద్ధి కాదు నాకు.

"కోడలూ లేదు, జడా లేదు," అన్నాడు గురువులు తలొంచుకొని. "కట్టలు ఎవులూ ఎత్తుకుపోకుండా మా తాతలు పుట్టించిన కథ."

సేను లేని బంగారమ్మ కట్టొక్కటే అందులో లేదు. అది గట్టెక్కి, సల్లారిపోయిన అన్నం గిన్నె ముందర కూకుండిపోనాది.

మల్లేశు కాలికి సుట్టుకున్న నార ఇంకా ఊడలేదు. ఒడ్డుకొచ్చి, దాని ఎంట కట్టని ఈడ్చుకొని, లాంతరు దగ్గరికి లాగి ముడి సూసేడు. పసుప్పచ్చ అంచు పీలిక. తొలి జీతం అందుకున్నప్పుడు ఆడు తల్లికి తెచ్చిన కోక అంచది.

ఎనక మా అత్త నిలబడుంది. జడ కథ సెప్పేటప్పుడు ఎంత గొంతుతో సెప్పేదో, ఆ గొంతుతోనే అందంట...

"ఒక్క కట్టే కదరా నాయనా... అందరూ మానేసేరు కదా అనుకున్నాను."