తాళం వేసిన గది పలికింది

మూడో అంతస్తు మెట్లెక్కగానే ఎడంచేతి పక్క తలుపు. ఎప్పుడు చూసినా దానికి తాళం వేలాడుతూ ఉంటుంది. పొద్దుగూకాక ఆ తలుపు దగ్గర ఆగొద్దని, ఆ బిల్డింగులో కొత్తగా దిగినవాళ్ళకి నీళ్ళ మోటారు స్విచ్చి చూపించే ముందే చెబుతారట.

లోపల మగగొంతు మాట్లాడుతుంది.

అరుపు కాదు, ఏడుపు కాదు... పలకరింపు. అదీ అసలు భయం. అరిచే దెయ్యాన్నయితే నాలుగు తిట్టి పారిపోవచ్చు. మర్యాదగా "బాగున్నారా?" అని అడిగేదాన్ని ఏం చేస్తాం?

ముందు వాచ్‌మన్ విన్నాడు. వరండాలో లైటు వెయ్యడానికి వెళ్తే "భోంచేశారా?" అని అడిగిందట. అడిగి — ఆగింది. జవాబు కోసం ఆగింది! వాచ్‌మన్ మెట్లు దిగలేదు, దొర్లాడు. తర్వాత కింది వాటాలో ఉండే టైలరమ్మ. ఆవిణ్ణి "మీ ఇల్లెక్కడ?" అంది. మర్నాటి నుంచి ఇల్లు మారదామని ఆవిడ మొగుడి ప్రాణం తోడేసింది.

ఈ కథ నాకు చెప్పినవాడు మా పక్క షాపువాడు. లాప్‌టాప్‌లకీ స్పీకర్లకీ వైద్యం చేస్తాడు. మేమంతా వాణ్ణి 'మూగనోము' అంటాం. పది మాటలడిగితే ఒకటి చెబుతాడు, అదీ "రేపు రండి" అని. అలాంటివాడు ఒకరోజు నా స్టూలు మీద కూలబడి, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెప్పుకుంటూ పోయాడు. నేను దెయ్యాల్ని నమ్మే రకం కాదు. కాకపోతే ఆ సాయంత్రం షట్టరు వాడితోపాటే దించేశాను, ఒక్కణ్ణే ఉండటం దేనికని.

ఆ తాళం గదికి ఆనుకుని ఉన్న వాటాలో ఒకావిడ ఉంటుంది. భర్త పోయి ఏడాది కూడా తిరగలేదు. తాళం గది ఆయనదే. ఆయన గొంతుని నమ్ముకుని బతికినవాడు. ఆ గదిలో కూర్చుని రికార్డింగులు చేసేవాడు. బయటి చప్పుడు రాకుండా గోడలకి పరుపులు కొట్టించాడు. ఇంటివైపు గోడకి మరీ మందంగా, వంటింట్లో మిక్సీ మోత వినపడకూడదని. ఒకరోజు ఆ గదిలోనే, కుర్చీలోనే ఒరిగిపోయాడు. తర్వాత ఆవిడ తాళం వేసింది. మళ్ళీ తియ్యలేదు.

మూగనోముకి ఫోన్ చేసింది ఆవిడే.

"లాప్‌టాప్ పలకట్లేదు తమ్ముడూ. ఆయన గొంతంతా అందులోనే ఉంది."

షాపుకి తెమ్మన్నాడు. దాన్ని ఇల్లు దాటనివ్వనంది. సరే, షాపు మూశాక వీడే వెళ్ళాడు.

సౌండు ఎవరైనా నొక్కేశారేమో చూశాడు. లేదు. వాల్యూమ్ నిండుగా ఉంది. ఇయర్‌ఫోన్ పెట్టే కన్నంలో ఏమైనా ఇరుక్కుందేమోనని ఊదాడు. సౌండు సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించాడు. మొత్తం ఆపి, మళ్ళీ వేశాడు. వాళ్ళ వైద్యంలో అది సర్వరోగ నివారిణి. ఊహూఁ... ఫైలు నొక్కితే తెరమీద ఆకుపచ్చ గీత చక్కగా పరిగెడుతోంది. నోరు మాత్రం లేవట్లేదు.

ఆవిడ ఎదురుగా కూర్చుని గీతనే చూస్తోంది.

"రోజూ దీపాలు పెట్టే వేళకి తెరుస్తాను తమ్ముడూ. ఈ గీత కదులుతుంటే చూస్తూ కూర్చుంటాను. ఈవేళైనా పలుకుతుందేమోనని. పలకదు. మూసేస్తాను."

వీడు "ఊఁ" అన్నాడు.

"పక్క గదిలో ఆయన మాట్లాడుతున్నారంటారు అందరూ. వరండాలో గోల వినపడగానే దీన్ని మూసేసి పరిగెత్తుతాను. తలుపుకి చెవి ఆనించి పిలుస్తాను... పలకరు."

ఆవిడ కొంగుతో తెరమీది దుమ్ము తుడిచింది.

"వాచ్‌మన్‌ని భోంచేశారా అని అడిగారట. ఊళ్ళోవాళ్ళందరితో మాట్లాడతారు. నాతోనే మాట్లాడరు. ఏం తప్పు చేశానో చెబితే కదా తెలిసేది..."

మూగనోము దెయ్యం ఉందని ఏడ్చేవాళ్ళని చూశాడు గానీ, దెయ్యం అలిగిందని ఏడ్చే మనిషిని చూడటం అదే మొదలు. బండి డిక్కీలో వేరే స్పీకరుంది తెస్తానని లేచాడు. ఫైలు ఆపలేదు. ఆకుపచ్చ గీత అలా పరిగెడుతూనే ఉంది.

వరండాలో లైటు లేదు. వాచ్‌మన్ ఆ మూలకి రావడం మానేసి చాలా రోజులైందట. మెట్ల దగ్గరికి వచ్చాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు...

"ఎవరండీ?"

గొంతు. తలుపు కింద సందులోంచి.

వీడు వెనక్కి తిరిగాడు.

"ఓ, మీరా! రండి, రండి... తలుపు తీసే ఉంది."

తాళం కప్ప ఎక్కడిదక్కడే వేలాడుతోంది.

"కూర్చోండి."

వీడు నిజంగానే మెట్టు మీద కూలబడ్డాడట. నాకు నవ్వొచ్చింది గానీ, వాడి మొహం చూసి మింగేశాను. "కూర్చోమంటే కూర్చున్నానన్నా" అన్నాడు.

లోపల చాలాసేపు చడీచప్పుడూ లేదు. అప్పుడు — గొంతు సవరించుకున్న చప్పుడు.

"మళ్ళీ మొదటినుంచీ చెప్పుకుందాం. ఎవరండీ?"

ఆ మాటతో వీడికి ప్రాణం లేచొచ్చింది. ఏ దెయ్యమైనా మళ్ళీ మొదటినుంచీ అంటుందా?

ఒక్క అంగలో లోపలికొచ్చి, వీధి తలుపు బార్లా తీసే ఉంచి, ఫైలు ఆపాడు. వరండాలో గొంతు ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. "రండి, రండి" అంది వరండా. సౌండు ఎటు పోతోందో చూపించే చోటు తెరిచాడు. మొట్టమొదట చూడాల్సింది అదే, చూడలేదు. అక్కడ రెండు పేర్లున్నాయి. ఒకటి లాప్‌టాప్ సొంత స్పీకరు. రెండోది, టిక్కు పెట్టి ఉన్నది — 'పక్క గది'.

ఆయన రికార్డు చేసింది విని సరిచూసుకోవడానికి ఆ గదిలో బ్లూటూత్ స్పీకరు పెట్టుకున్నాడు. అది ఇంకా కరెంటులోనే ఉంది. ఆవిడ లాప్‌టాప్ తెరవగానే గోడ అవతలున్న దానికి తగులుకుంటోంది. పరుపుల గోడ వల్ల, వీధి తలుపు వేసి ఉంటే ఇంట్లోకి వినపడదు. తలుపు సందులోంచి వరండాకి వినపడుతుంది. ఆవిడ లాప్‌టాప్ మూసి పరిగెత్తుకొచ్చేసరికి నోరు మూతపడుతుంది.

అంతా విడమరిచి చెప్పాడు. జన్మలో అన్ని మాటలు వాడెప్పుడూ మాట్లాడి ఉండడు.

"ఆయన రికార్డు చేసింది ఏంటక్కా?"

"పాఠాలు. భాష రానివాళ్ళకి మన మాటలు నేర్పేవి. ఒక మాట చెప్పి ఆగుతారు. అవతలివాళ్ళు పలకాలి కదా."

ఆవిడ గోడవైపు చూసింది.

"అయితే... నామీద కోపం లేదన్నమాట."

"లేదక్కా."

"అసలు లోపలే లేరన్నమాట."

లోపం దొరికితే పనివాడు సంతోషించాలి. అది దొరక్కపోతేనే బాగుండేదనిపించిందట. అలిగాడన్న ఆశైనా ఆవిడకి మిగిలుండేది. అలిగినవాడు ఎప్పుడో ఒకప్పుడు పలుకుతాడు. ఆ కాస్తా వీడే ఊడబెరికాడు.

"ఒక్క నొక్కు నొక్కితే ఇక్కడే వినపడుతుందక్కా. నొక్కనా?"

"వద్దు. అక్కడే పలకనీ. తర్వాతి పాఠం పెట్టు."

ఆవిడ లేచి, జుట్టు సర్దుకుని, వరండాలోకి నడిచింది. వీడు నొక్కి, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తలుపు ముందు చీకట్లో ఆవిడ.

"ఈ పాఠంలో సెలవు తీసుకోవడం నేర్చుకుందాం" అంది గొంతు. "మనవాళ్ళు 'వెళ్తాను' అనేసి ఊరుకోరు. 'వెళ్ళొస్తాను' అంటారు. తిరిగి రావడం కూడా ఆ మాటలోనే ఉంటుంది. ఏదీ... వెళ్ళొస్తాను."

ఆగింది.

ఆవిడ తలుపుకి నుదురు ఆనించింది.

"ఎప్పుడొస్తారండీ?"

లోపల ఏ చప్పుడూ లేదు...

"చాలా బాగా చెప్పారు" అంది గొంతు. "ఇంకొక్కసారి."

ఆవిడ ఇంకొక్కసారి చెప్పింది.