రెండు గ్లాసుల పరీక్ష

మలేషియాలో క్లాంగ్ పట్టణంలోని వైన్ షాపులో అబిగెయిల్ ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, సేల్స్‌మన్ రూబన్ తెలుగులోనే పలకరించాడు. ఆ సంతోషం ఒక్క నిమిషమే.

"నాన్న పుట్టినరోజుకి. ఒకే రకం ద్రాక్షతో సేసింది ఇవ్వండి. కల్తీది వద్దు."

"ఇది దక్షిణ ఫ్రాన్స్ లాంగ్డాక్‌ది మేడమ్. గ్రెనాష్, సిరా, కారిన్యాన్, మూడు ద్రాక్షలూ కలిస్తేనే దీనికా రుచి. కల్తీ కాదు, బ్లెండ్ లాహ్!" అన్నాడు రూబన్ మలేషియా యాస కలిపి.

"సీసా అడిగినాను, పాఠం కాదు."

ఆ కోపం తీర్చుకోవడానికి ఆమె ఆరునెలలపాటు వారం వారం ఆ షాపుకి వెళ్లింది. పాపం, ఎంతకీ తీరలేదు.

చివరికి ఒక ఆదివారం రూబన్ లాంగ్డాక్ సీసా పట్టుకుని పెళ్లిమాటకి వాళ్లింటికి వచ్చాడు. అబిగెయిల్ తండ్రి దేవదాసు ఏటేటా జాడీలో ద్రాక్షలు, పంచదార, లవంగాలు వేసి సొంతంగా క్రిస్మస్ వైన్ పెడతాడు. దాన్ని మెచ్చనివాడికి ఆ ఇంట్లో రెండోసారి కాఫీ పుట్టదు.

గుమ్మంలోనే అబిగెయిల్ గుసగుసలాడింది. "నాన్న వైన్ పాయసంలా ఉంటాది. తియ్యగా ఉన్నదాన్నే పొగుడు. తెలివి సూపించినావో, మన పెళ్లి గోవిందా!"

దేవదాసు ఆ సీసాతో వంటింట్లోకి వెళ్లి, రెండు గ్లాసులతో తిరిగొచ్చాడు.

"ఎక్స్‌పర్ట్‌వి కదా బాబూ. ఒకటి నీది, ఒకటి నాది. ఏది బాగుందో సెప్పు."

మొదటిది పుల్లగా, వగరుగా ఉంది. రెండోది తాగగానే రూబన్ పళ్లు జివ్వుమన్నాయి.

"ఇదే అంకుల్! దీని ముందు ఫ్రెంచోళ్లు ఎందుకు పనికొస్తారు?"

"అది నీ సీసాదే. నోట పెట్టలేక నేనే బెల్లం కలిపినాను. ఆ మొదటిది నాది. ఈ ఏడు పులిసిపోనాది."

దేవదాసు రూబన్ ముందుకి కుర్చీ జరుపుకున్నాడు.

"మరి అబద్ధం ఏటికి సెప్పినావు?"

రూబన్ తలదించుకున్నాడు. "మీ అమ్మాయి సెప్పమంది అంకుల్."

దేవదాసు అతణ్ణి ఎగాదిగా చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు.

"నా బిడ్డ మాట కోసం సదివిన విద్యంతా మింగేసినాడు! ఇలాంటోడు మళ్లీ దొరుకుతాడేటి? విక్టోరియా, పాస్టర్‌గారికి ఫోన్ సెయ్యి."

అబిగెయిల్ తల్లి విక్టోరియా ఫోన్ అందుకుంటూ, మొదటి గ్లాసులో మిగిలింది ఒక గుక్క తాగింది. ముఖంలో ఒక్క గీతైనా కదలనివ్వకుండా, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ అంది:

"ఈ ఏడు ఇంకా బాగా కుదిరిందండీ."